ఒక్క బటన్ లూపరే నయం

హనుమకొండలో నా రూమ్‌కి వచ్చి రిథమ్ వాయించే మనిషి దొరకడు కాబట్టి లూపర్ (మనం వాయించింది రికార్డు చేసుకుని మళ్లీ మళ్లీ వినిపించే గిటార్ పెడల్) కొందామని వీడియోలు చూసీ చూసీ చివరికి రెండు దగ్గర ఆగాను, టీసీ ఎలక్ట్రానిక్ డిట్టో, బాస్ ఆర్‌సీ-1. రెండింటికీ ఒకటే ఫుట్‌స్విచ్, ఒకటే నాబ్. డిట్టోలో 5 నిమిషాలు రికార్డవుతుంది, బాస్‌లో స్టీరియోగా 12. నేను వాయించేది నాలుగు బార్లు (తాళంలో నాలుగు చుట్లు), జీ, డీ, ఈ మైనర్, సీ కార్డ్‌లు. 12 నిమిషాలు ఏం చేసుకోను?

డిట్టో తీసుకున్నా. ఒకసారి తొక్కితే రికార్డు, మళ్లీ తొక్కితే లూప్ మొదలు, ఇంకోసారి తొక్కితే దాని మీద మరో లేయర్. నొక్కి పట్టుకుంటే చివరి లేయర్ పోతుంది. ఆపాలంటే మాత్రం గబగబా రెండుసార్లు తొక్కాలి, కాస్త నెమ్మదిస్తే ఆగకుండా పైన ఇంకేదో రికార్డు చేసేస్తుంది. చెప్పులతో నావల్ల కాలేదు, వట్టి కాలి బొటనవేలే గతి.

అసలు తిప్పలు టైమింగ్‌తో. నాలుగో బార్ అయ్యాక తీరిగ్గా కాదు, తర్వాతి చుట్టు మొదటి దెబ్బ, అంటే "ఒకటి" మీద సరిగ్గా కాలు పడాలి, రవ్వంత ఆలస్యమైనా లూప్ ప్రతి రౌండ్‌లోనూ అక్కడే కుంటుతుంది. మొదటి వారం నా కుంటి లూప్ విని విని కింది ఇంటి ఆంటీ, "ఏం బిడ్డా, ఆ పాట ముందుకు పోదా?" అని అడిగింది.

డిట్టోలో బ్యాటరీ పెట్టే చోటు లేదు, 9 వోల్టుల అడాప్టర్ ఉండాల్సిందే. మీ దగ్గర కరెంట్ ఎక్కువ పోతుంటే బాస్ చూడండి, అందులో బ్యాటరీ పడుతుంది.