బయానాకూ రిజిస్ట్రేషన్‌కూ నడుమ: కుంగిన వసారాను లేపిన పని

కొనడానికి బయానా (అడ్వాన్సు) మాట్లాడుకున్న ఇల్లు ఇది, హన్మకొండ జిల్లా పరకాల వైపు నల్లరేగడి నేలలో ఉంది. పాత పెంకుటిల్లు, ముందు 24 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు వసారా. 6 అంగుళాల చదరపు టేకు స్తంభాలు నాలుగు, వాటి మీద 5×7 అంగుళాల దూలం మూడు ముక్కలుగా, పైన తాటి వాసాలు, రెండు వరుసల గూన పెంకులు. కుడివైపు చూరు కిందికి జారినట్టు రోడ్డు మీది నుంచే కనిపిస్తుంది.

పని మొదలుపెట్టకముందే బయానా కాగితంలో మూడు మాటలు రాయించాలి. వసారా గచ్చు తవ్వి చూడటానికి అమ్మేవాళ్ల ఒప్పుదల ఉండాలి. మరమ్మతు ఖర్చు మిగతా సొమ్ములో తగ్గాలి. ఇంటి గోడ పునాదే కుంగిందని తేలితే బయానా వాపసు రావాలి. వసారా ఒక్కటే కుంగితే అది కొన్ని వారాల పని. గోడ కూడా కుంగుతుంటే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది. ఏది కుంగిందో గచ్చు విప్పితేనే తెలుస్తుంది, రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసి లాభం లేదు.

1వ రోజు. లెవల్ పైపుతో (నీళ్లు నింపిన పారదర్శక పైపు) దూలం అడుగు మట్టం కొలత. పైపులో బుడగ ఒక్కటున్నా లెక్క తప్పుతుంది, ఎండలో పెట్టినా తప్పుతుంది. ఎడమ చివరి స్తంభాన్ని సున్నా అనుకుంటే రెండోది 4 మి.మీ., మూడోది 38, నాలుగోది 21 కిందికున్నాయి. గోడ మీది పగుళ్లన్నిటికీ అడ్డంగా పెన్సిల్ గీత గీసి తేదీ వేశాం. వాసాలు గోడలో దూరే చోట కూడా గీతలు పెట్టాలి, చాలామంది అది మరుస్తారు. గోడ మట్టం నాలుగు మూలలా కొలిస్తే 3 మి.మీ. లోపే తేడా. గోడ బాగుంది.

2వ రోజు. మూడో, నాలుగో స్తంభాల చుట్టూ రెండేసి అడుగులు గచ్చు విప్పితే అసలు సంగతి బయటపడింది. పాత గచ్చు మీద ఎవరో నాలుగు అంగుళాల కాంక్రీటు పోసి టైల్స్ వేశారు. స్తంభాల అడుగులు అందులో మునిగిపోయాయి. లోపలికి దిగిన నీళ్లకు బయటికి పోయే దారి లేదు, టేకైనా కుళ్లుతుంది. స్తంభాల కింది రాళ్ల మట్టం తీస్తే మూడోది 14 మి.మీ., నాలుగోది 19 దిగాయి. దీన్ని నిన్నటి లెక్కతో కలిపి చూడాలి. నాలుగో స్తంభం దగ్గర దూలం 21 దిగితే రాయి 19 దిగింది, అంటే తప్పు దాదాపు అంతా నేలదే. మూడో దగ్గర దూలం 38, రాయి 14. మిగతా 24 మి.మీ. కొయ్య నలిగిపోయిన లెక్క. డబ్బణం గుచ్చితే స్తంభం అడుగున 9 అంగుళాల ఎత్తు వరకూ మెత్తగా దిగింది. దూలం అతుకు దగ్గరా ఐదు అంగుళాలు మెత్తనే. పైన కోతులు పెంకులు కదిలించిన చోటు అదే, నీళ్లు నేరుగా అతుకులోకి కారాయి.

ఈ రెండు కొలతలూ వేర్వేరుగా తీయకుండా జాకీ పెడితే కుళ్లిన కొయ్యను చెడ్డ నేల మీదే మళ్లీ నిలబెట్టినట్టు అవుతుంది.

3, 4 రోజులు. మూడు, నాలుగు స్తంభాల నడుమ పెంకులు దించాం. పై వరుస నుంచి కిందికి విప్పాలి, పరచేటప్పుడు చూరు నుంచి పైకి వెళ్లాలి. ప్రతి వాసానికీ సున్నంతో నెంబరు వేశాం. హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, మళ్లీ నిలబెట్టి 2024లో తెరిచారు. అంత పెద్ద పనికైనా ఇంత చిన్న పనికైనా విప్పిన ముక్క తన చోటుకే పోవాలి. తాటి వాసాలు ఒకదానిలా ఇంకొకటి ఉండవు, కలిసిపోతే చూరు అలలుగా వస్తుంది.

బరువు లెక్క ఇలా వేశాం. రెండు వరుసల గూన పెంకులు చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు. కప్పు 21 చదరపు మీటర్లు, అంటే రెండున్నర టన్నులు. సగానికి కాస్త ఎక్కువ దూలం మీద పడుతుంది, నడిమి స్తంభానికి 450 కిలోల దగ్గర వస్తుంది. 5 టన్నుల జాకీ చాలు, 10 టన్నులది ఉంటే చేతికి సుఖం.

5వ రోజు. ఎత్తకముందే దూలం అతుకు బాగు చేయాలి, లేకపోతే స్తంభం తీయగానే రెండు కొసలూ వేలాడతాయి. 100 మి.మీ. ఇనుప ఛానల్ (ఇంగ్లిషు C ఆకారపు కమ్మీ) నాలుగు అడుగుల ముక్కలు రెండు, దూలానికి ఇరువైపులా, దూలం అడుగుతో సమంగా పెట్టాం. మొత్తం 23 కిలోల ఇనుము. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు. 12 మి.మీ. బోల్టులు ఎనిమిది, 13 మి.మీ. రంధ్రాలు, వాషర్లు పెద్దవి. కుళ్లిన భాగంలో ఒక్క బోల్టూ వేయొద్దు, అక్కడ పట్టు ఉండదు. ఆ తర్వాత మూడో స్తంభానికి ఇరువైపులా మూడేసి అడుగుల దూరంలో సెంట్రింగ్ జాకీలు (మర తిప్పి ఎత్తు సరిచేసే ఇనుప ఆసరాలు). చివరి స్తంభానికి ఒకవైపే దూలం ఉంది కాబట్టి ఆ దూలం కింద అడ్డంగా ఇంకో దూలం పెట్టి, ముందొకటి వెనకొకటి జాకీ బిగించాం. ప్రతి జాకీ కింద రెండు అంగుళాల మందం పలక తప్పనిసరి. టైల్స్ మీద నేరుగా పెడితే అవి పగిలి జాకీ ఒరుగుతుంది.

6 నుంచి 9. మూడో స్తంభాన్ని తీయలేదు. తల దూలంలో కూర్చుని ఉంది కాబట్టి తాడుతో దూలానికి కట్టి, అడుగు నుంచి 11 అంగుళాలు రంపంతో అక్కడే కోశాం. కుళ్లిన ముక్క పోయింది కాబట్టి కొయ్యను కాస్త కిందికి దింపి, తల మీద 9×6 అంగుళాల 10 మి.మీ. ప్లేటు దూర్చాం. దీంతో బరువు మెత్తబడ్డ దూలం మీద కాకుండా ఛానల్ మీది నుంచి స్తంభానికి దిగుతుంది. నాలుగోదాని అడుగూ తడికి మెత్తబడింది, అదీ అంతే కోశాం. కొత్త కొయ్య అతకొచ్చు కానీ వడ్లాయన ఎంత బాగా చేసినా నేల దగ్గరి అతుకు మొదట తడిసే చోటే. కొయ్య తగ్గించి రాయి పెంచడమే మేలు.

గుంటలు 2×2 అడుగులు, 30 అంగుళాల లోతు. నల్లమట్టి 26 అంగుళాల దగ్గర ఆగి మొరం తగిలింది. పాత రాయి 8 అంగుళాల లోతునే ఉంది. ఎండాకాలం నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే మట్టి మీద అది నిలవదు. ఒకేసారి రెండు గుంటలూ తవ్వొద్దు. అడుగున 4 అంగుళాలు 1:4:8 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు), పైన 12 అంగుళాలు 1:2:4, 20 మి.మీ. కంకరతో. రెండు గుంటలకు కలిపి సిమెంటు రెండు బస్తాల లోపే పట్టింది. గోనె సంచులు కప్పి రోజుకు మూడుసార్లు తడపాలి.

10 నుంచి 22. కాంక్రీటు గట్టిపడుతుండగానే పైన ఎత్తుడు. మూడో చోట రోజుకు 3 మి.మీ., నాలుగో చోట 2. కొలత జాకీ దగ్గర తీయొద్దు, స్తంభం ఉన్న చోట తీయాలి. బాటిల్ జాకీతో (నూనె జాకీ) ఎత్తిన వెంటనే సెంట్రింగ్ జాకీ మర బిగించాలి, నూనె జాకీ రాత్రికి రాత్రి మెల్లగా దిగిపోతుంది. ఎత్తేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదు.

ఏడో ఎత్తుకు గోడ దగ్గరి పెన్సిల్ గీత అర మి.మీ. విడింది. రెండు రోజులు ఆపి చూస్తే ఐదు వాసాల పై కొసలు సిమెంటుతో బిగించి ఉన్నాయి. కింది కొస లేస్తే పై కొస గోడలో కాస్త తిరగాలి. సిమెంటు తిరగనీయదు కాబట్టి గోడనే చీలుస్తుంది. ఉలితో ఆ సిమెంటు కొట్టేశాక మళ్లీ పగులు కదల్లేదు. మూడో చోట 33 మి.మీ. దగ్గర, నాలుగో చోట 20 దగ్గర ఆపేశాం. ఏళ్ల తరబడి వంగిన కొయ్య పూర్తిగా సూటిగా రాదు. ఆ ఐదు మి.మీ. కోసం పట్టుబడితే దూలం చీలుతుంది.

24వ రోజు. గ్రానైటు దిమ్మెలు 9×9×21 అంగుళాలు, ఒక్కోటి 75 కిలోల దగ్గర. గచ్చు మీదికి ఏడు అంగుళాలు వచ్చాయి. 1:3 సిమెంటు, ఇసుక మాలులో కూర్చోబెట్టాం. దిమ్మె తల మీద 16 మి.మీ. సలాక ఒకటిన్నర అంగుళం మాత్రమే బయటికి. నాలుగు అంగుళాలు వదిలితే పైన దూలం ఉండగా స్తంభం దాని మీదికి ఎక్కదు. స్తంభం అడుగున పక్క నుంచి గాడి కోసి సలాక మీదికి దిమ్మెను జరిపి, గాడిని టేకు చెక్కతో మూశాం. సుమారు 10 మి.మీ. సందు 6, 3 మి.మీ. ప్లేట్లతో నింపాం.

చెదల మందు ఈ గుంటలు మూయకముందే వేయాలి. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్లు. గోడ, గచ్చు కలిసే వెంట అడుగుకొక 12 మి.మీ. రంధ్రం, ఒక్కోదానికి లీటరు. చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్కు ఉండాలి. బావి, బోరు దగ్గర వేయొద్దు.

31వ రోజు జాకీలు ఒక్కో మి.మీ. చొప్పున వదిలాం. బరువు దిగాక మూడో చోట 1 మి.మీ. కూర్చుంది, నాలుగో చోట కదల్లేదు. గచ్చును బయటికి నాలుగు అడుగులకు అంగుళం వాలు పెట్టి, స్తంభాల చుట్టూ కాంక్రీటు కాకుండా సున్నం, ఇసుక 1:3తో మూశాం. చూరు నీళ్లు పడే చోట అడుగున్నర వెడల్పున కంకర పరిచాం.

మృగశిర మొదటి పెద్ద వాన మర్నాడు లెవల్ పైపు మళ్లీ పెట్టాం. సున్నాకు మూడో చోట 6 మి.మీ., నాలుగో చోట 1 కిందికి, రెండూ జాకీలు తీసిన నాటి అంకెలే. పెన్సిల్ గీతలు కలిసే ఉన్నాయి. ఎడమవైపు రెండు స్తంభాల చుట్టూ కాంక్రీటు ఇంకా విప్పాలి, ఆ పని దసరా తర్వాత.