ఏ గడిలో వెయ్యాలి

వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వచ్చి మూడు వారాలు దాటింది. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయింది, పాస్‌పోర్ట్ మాత్రం ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. సెలవులు అయిపోయాయి కాబట్టి విద్యానగర్‌లో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీదే లాప్‌టాప్ తెరుస్తున్నాను. ఇక్కడ సాయంత్రం ఏడున్నర అయితే వాషింగ్టన్‌లో పొద్దున పది.

నా పనేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. సాఫ్ట్‌వేర్ అని చెప్పి ఊరుకుంటాను. నిజానికి పేపర్లు చదివి ఒక్కో సంఘటననీ ఒక్కో వరుసలో ఎక్కిస్తాం: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎవరి మీద, ఎంతమంది పోయారు. చివరి గడిలో అది రాజకీయ హింసా, కాదా అని తేల్చాలి. ఒకే వార్తను ఇద్దరు విడివిడిగా చదువుతారు. ఇద్దరికీ కుదరనివి శుక్రవారం మీటింగ్‌కి వస్తాయి.

ఈసారి రాజధానుల వంతు. "నీ ఊరే కదా" అని మేనేజర్ హైదరాబాద్ నాకిచ్చింది. సంబరంగా తీసుకున్నాను. ఎంత తెలివితక్కువ పని!

2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్. ఇది తేలికే: కరెంటు చార్జీలు పెంచారని అసెంబ్లీకి బయల్దేరిన జనం మీద పోలీసు కాల్పులు. 2007 మే 18, మక్కా మసీదు: బాంబుకి ఒక వరుస, తర్వాత బయట జరిగిన కాల్పులకి ఇంకో వరుస. 1969 తెలంగాణ ఉద్యమం దగ్గరికి వచ్చేసరికి పెద్దనాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పుడాయన కాలేజీలో ఉన్నాడు.

"ఎంతమందని రాస్తున్నవ్‌రా?"

"పేపర్లు తలా ఒకటి రాస్తే తక్కువ లెక్క వెయ్యాలి."

"369 మంది అంటరు కద."

"అది ఉద్యమం వాళ్ల లెక్క, పెద్దనాయనా."

"మరి తక్కువ లెక్క ఎవరిదిరా?" అని లేచి వెళ్లి టీవీ పెట్టుకున్నాడు.

2009 నవంబర్ 29, ఎల్బీనగర్, శ్రీకాంతాచారి. మా రూల్ బుక్‌లో హింస అంటే ఇంకొకరి మీద జరగాలి. తన ప్రాణం తనే తీసుకుంటే అది నిరసన, అందులోనూ 'శాంతియుతం'. అదే నొక్కాను. అమ్మ అన్నానికి పిలిచినా చాలాసేపు లేవలేదు.

ఈ తలనొప్పి మన ఊరికే కాదు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద పడ్డ గుంపు చేతిలో దాదాపు 140 మంది పోలీసులు గాయపడ్డారు. 2025 జనవరిలో సుమారు 1,500 మందికి క్షమాభిక్ష వచ్చిన వారం, ఆ గడి మార్చాలా అని మీటింగ్‌లో ఒకరు అడిగారు. మార్చలేదు. లంచ్ టేబుల్ దగ్గర మాత్రం ఆ సంగతి ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

చివరికి 2011 మార్చి 10, ట్యాంక్‌బండ్, మిలియన్ మార్చ్. పోలీసుల అనుమతి లేదు. జనం తెలుగు ప్రముఖుల విగ్రహాలు కూలగొట్టారు, కొన్నిటిని హుస్సేన్‌సాగర్‌లో పడేశారు. గుంపు, ధ్వంసం, రాజకీయ కారణం. మూడూ ఉన్నాయి కాబట్టి 'అవును' వేశాను. అటువైపు చదివిన ఒహాయో అబ్బాయీ అదే వేశాడు. శుక్రవారం దాకా పోనే లేదు.

వీసా ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: రాజకీయ హత్యల్లో గానీ, ఇతర హింసాత్మక చర్యల్లో గానీ ఎప్పుడైనా పాల్గొన్నారా? ప్రతిసారీ 'నో' కొడతాను. అబద్ధమేం కాదు, ఏ విగ్రహం మీదా నేను చెయ్యి వెయ్యలేదు. లైబ్రరీకని ఇంట్లో చెప్పి, నడుచుకుంటూ వెళ్లి, ముళ్లకంచె సందులోంచి దూరి, తాడు లాగుతున్నవాళ్ల వెనక నిలబడి గొంతు పోయేలా అరిచాను. తాడు పట్టుకున్నవాళ్లలో నా క్లాస్‌మేట్ ఒకడున్నాడు. ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. రాత్రి వాడికి మెసేజ్ పెట్టాను.

"ఫారంలో ఆ ప్రశ్నకి ఏం కొట్టావ్?"

"నో. నువ్వు?"

'ఎవరు' అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. 'విద్యార్థులు' అని టైప్ చేసి సేవ్ చేశాను.