పిల్లలు ‘పిలుపు వచ్చింది’ అన్నప్పుడు

‘దేవుడు నన్ను మిషనరీ సేవకి పిలిచాడు’ అని పిల్లలు చెప్పినప్పుడు, మాట ముందు ఆత్మవరాల దగ్గరే, అంటే సేవ కోసం పరిశుద్ధాత్మ ఇచ్చే సామర్థ్యాల దగ్గరే తడబడుతుంది. మన ఉపవాస కూడికల్లో ఆత్మవరాలంటే భాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడటం), ప్రవచనం, స్వస్థత. అమెరికాలో యూత్ గ్రూపుల మధ్య పెరిగిన పిల్లలకి అదే మాట వినగానే గుర్తొచ్చేది ఎవరికే వరం ఉందో తేల్చే పొడుగాటి ప్రశ్నల ఫారం, చివర్లో కూడుకునే మార్కులు. తల్లిదండ్రులూ పిల్లలూ ఒకే సోఫా మీద కూర్చుని రెండు వేరు వేరు సంగతులు మాట్లాడుకుంటూ, ఒకే విషయం మీద పోట్లాడుతున్నాం అనుకుంటారు.

ముందు బైబిల్లో ఉన్న వరాల జాబితాలు పిల్లలతో కలిసి చదవండి. రోమా 12:6-8లో ఏడు, 1 కొరింథీ 12:8-10లో తొమ్మిది, ఎఫెసీ 4:11లో ఏకంగా మనుషులే వరాలు. ఏ రెండూ సరిపోలవు. మిషనరీ అన్న మాట వీటిలో దేంట్లోనూ లేదు. 1 కొరింథీ 12:28 దగ్గర కాసేపు ఆగండి. అద్భుతాలు చేసేవాళ్లు, భాషలు మాట్లాడేవాళ్లు ఉన్న వరసలోనే ‘ఉపకారములు చేయువారు’ కూడా ఉన్నారు. కూడిక అయ్యాక కుర్చీలు మడతపెట్టే పిల్లవాడికి ఈ వాక్యం చాలా అవసరం. మన బైబిల్ గ్రాంథికం పిల్లలకి కొరుకుడు పడదు కాబట్టి ఇంగ్లిష్ వాళ్లని చదవనిచ్చి, తెలుగు మీరు చదవండి. భాషల గురించి అడిగితే 1 కొరింథీ 14:27-28 చూపించండి: ఇద్దరు, మించితే ముగ్గురు, వంతులవారీగా, అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనం. మరి మన కూడికల్లో ఇలా జరుగుతోందా అని తిరిగి అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

ఫారంతో చిక్కేంటంటే, పదిహేనేళ్ల వయసులో ఇష్టమైనదానికే టిక్కు పెడతారు. గిటార్ వాయించేవాణ్ణి అందరూ మెచ్చుకున్న ఏడాది సగంమందికి ఆరాధన వరమే తేలుతుంది. దాని బదులు ఒక ఏడాదిపాటు మూణ్ణెల్లకొక పని అప్పగించండి: నాలుగైదేళ్ల పిల్లల సండే స్కూలు, కొత్తగా దిగిన స్టూడెంట్లకి ఇల్లు దొరికేదాకా సాయం, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లతో వారానికో గంట, సంఘం లెక్కలు. ప్రతి విడత చివర ఆ సాయం అందుకున్న ముగ్గుర్ని అడగండి. మీ అభిప్రాయం, వాళ్ల స్నేహితుల అభిప్రాయం లెక్కలోకి రావు. విసుగు పుట్టాక కూడా వెళ్తున్నాడా లేదా అన్నది మాత్రం మీరే కనిపెట్టాలి.

ఇక పిలుపు. క్యాంపు ఆఖరి రాత్రి, లైట్లు తగ్గించి పాట నడుస్తుండగా చేతులెత్తినవాళ్లు అబద్ధమాడరు. అలాగని వచ్చే ఆదివారమే స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించొద్దు. అపొస్తలుల కార్యములు 13లో బర్నబా, సౌలు (తర్వాత పౌలు అయినవాడు) అప్పటికే అంతియొకయ సంఘంలో పని చేస్తున్నారు. ఆత్మ మాట సంఘం ఆరాధనలో ఉండగా వచ్చింది; మళ్లీ ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి పంపారు. వాళ్ల వెంట వెళ్లిన మార్కు అనే యోహాను మధ్యలోనే తిరిగొచ్చేశాడు (13:13). అతని విషయంలో పౌలు, బర్నబా విడిపోయేంత వాదులాడుకున్నారు. చివరికి 2 తిమోతి 4:11లో అతన్ని వెంటబెట్టుకు రమ్మన్నది పౌలే. మైకులో ప్రకటించేశాక ఆర్నెల్లకి తిరిగొచ్చిన పిల్లకి మన తెలుగు పాట్‌లక్ విందుల్లో ఇంత ఓపిక దొరకదు.

సమూయేలు తల్లి హన్నాలా, కడుపున పడకముందే సేవకి ప్రతిష్ఠించామని చెప్పుకునే ఇళ్లలోనే, పిల్ల మధ్య ఆసియా వెళ్తానంటే గొడవెక్కువ. ‘డిగ్రీ అయ్యాక చూద్దాం’ అంటే వాళ్లకి వినబడేది ‘వద్దు’. ఫలానా ఏడు మే నెలలో పాస్టర్‌గారితో కూర్చుందామని తేదీ చెప్పండి. చదువు పూర్తి చేయడం పిలుపుకి అడ్డేమీ కాదు, పౌలు సేవ చేస్తూనే బతుకుతెరువుకి డేరాలు కుట్టుకున్నాడు.

వేసవిలో ఇండియాలో మన ఊరికి తీసుకెళ్తే చాలనుకుంటాం. ఎక్కువ చెడేది అక్కడే. తెలుగు రాని పదహారేళ్ల కుర్రాడికి దండ వేసి, మైకిచ్చి, పక్కన అనువాదానికి అయ్యగారు (ఆ ఊరి పాస్టర్) నిలబడతారు. చప్పట్లు అమెరికాకి పడతాయి, కుర్రాడు తనకి ప్రసంగ వరం ఉందనుకుని తిరిగొస్తాడు. పైగా చట్టం ఒప్పుకోదు. టూరిస్టు వీసా మీద ఆరాధనలో కూర్చోవచ్చు గానీ ప్రసంగించడం, కరపత్రాలు పంచడం కుదరదు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా, 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ పనికి ముందుగా ప్రత్యేక అనుమతి కావాలి. డబ్బు విషయం ఇంకా జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టున్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారితే, ఓసీఐ ఉన్నా, వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంఘానికి మీ పిల్ల కవర్లో పెట్టి డాలర్లిస్తే ఇరుక్కునేది అయ్యగారు. మైకూ కవరూ లేకుండా మూడు వారాలు ఒకే ఇంట్లో ఉంచి, తెలుగులో తడబడనివ్వండి.

మిషనరీ అంటే తెల్లదొర అనుకునే పిల్లలకి జాన్ రంగయ్య సంగతి చెప్పండి. 1903లో నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి, ఒప్పంద కూలీలుగా వలస వెళ్లిన తెలుగువాళ్ల దగ్గరికి వెళ్లాడు. పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత హోం మిషన్ సొసైటీ. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, పని కోసం తెలుగు నేర్చుకున్నాడు.

ఇంకో కాగితం మిగిలింది. గ్రీన్‌కార్డున్న పిల్లలు ఏడాదికి మించి దేశం బయట ఉండబోతే, అమెరికాలో ఉండగానే ఐ-131 ఫారంతో రీ-ఎంట్రీ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి. ఆ తర్వాత వేలిముద్రలకి ఇంకో పిలుపొస్తుంది. టికెట్టు కొనేముందే ఆ నెలలు లెక్కేసుకోవాలి.