ఏటి నీళ్ల కింద ఉప్పు నీళ్లు

మా హంసలదీవి దగ్గర సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఇక్కడ అమెరికాలోని శాన్ డియేగోలో సముద్రంలోకి దిగుతాడు. ఆరేళ్లయినా సాయంత్రం ఒడ్డున నిలబడితే దిక్కులు తిరగబడినట్టే ఉంటుంది. నీళ్లలో కాలు పెడితే జివ్వుమంటుంది. మా సముద్రపు గోరువెచ్చదనం వీటికి లేదు.

ఏం పని చేస్తున్నావని ఊళ్లో అడిగితే, సముద్రంలో నీళ్లు ఎలా కలుస్తాయో కొలుస్తానని చెబుతాను. విమానంలో బెల్టు పెట్టుకోమన్నప్పుడు వినే టర్బులెన్స్ అనే మాటే ఇక్కడా వాడతాం. కవ్వంతో చిలికితే పెద్ద సుడి చిన్న సుడులవుతుంది, అవి ఇంకా చిన్నవై, చివరికి కంటికి ఆనని కదలికలై వేడిగా మారిపోతాయి. ఈ వరసకు 1941లో రష్యా గణిత శాస్త్రవేత్త కోల్మొగొరోవ్ లెక్క కట్టాడు. గాలికీ నీటికీ అదే లెక్క.

ఆ చివరి చిన్న కదలికలను పట్టుకోవడమే నా ఉద్యోగం. సన్నటి పొడవాటి గొట్టం, దాని ముక్కున వడ్లగింజంత సెన్సర్. ఓడ మీంచి వదిలితే నెమ్మదిగా కిందికి జారుతూ సెకనుకు కొన్ని వందలసార్లు కొలుస్తుంది. దానికి కట్టిన తాడు ఎప్పుడూ వదులుగానే ఉండాలి. బిగుసుకుందంటే తాడు వణుకే రికార్డవుతుంది. మొదటి ట్రిప్పులో నాకు అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా డ్యూటీ. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి కునుకు వచ్చి తాడు వదలడం ఆలస్యం చేశాను. ఆ కొలత మొత్తం పాడైంది. ఎవరూ ఏమీ అనలేదు కానీ, ఆ రోజంతా అన్నం సహించలేదు.

ఇంతకీ ఈ కదలికల బలం ఎంత? సముద్రపు లోతుల్లో చాలాచోట్ల కిలో నీటికి ఒక వాట్‌లో వందకోట్లో వంతు. ఒక ఘన కిలోమీటరు నీళ్లంటే సుమారు లక్ష కోట్ల కిలోలు. అన్ని నీళ్లకూ కలిపి ఒక ఇస్త్రీ పెట్టె వాడే కరెంటంత! మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు పొరపాటు చేశానేమోనని మూడుసార్లు సరిచూశాను. ఇక్కడి స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో దశాబ్దాల పాటు పనిచేసి 2019లో 101 ఏళ్ల వయసులో చనిపోయిన వాల్టర్ మంక్, ధ్రువాల దగ్గర మునిగిన చల్లటి నీరు సముద్రాలన్నిటినీ ఎందుకు నింపెయ్యడం లేదని 1966లోనే ప్రశ్నించారు. పైవేడిని కిందికి కలిపేది ఈ చిన్న సుడులే.

మా ఓడ బంగాళాఖాతంలోకి వెళ్లినప్పుడు మాత్రం నాకు అది ఉద్యోగంలా అనిపించలేదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిన వాన నీళ్లు అక్కడ ఉప్పు నీటి మీద మూతలా పరుచుకుంటాయి. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. బరువైన దాన్ని పైకెత్తి కలపాలంటే చాలా శక్తి కావాలి. మామూలుగా తుపాను సముద్రాన్ని చిలికి, కిందున్న చల్లటి నీటిని పైకి తెచ్చి, తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆ మూత గట్టిగా ఉన్నచోట చల్లటి నీరు అంతగా పైకి రాదు. పైన వెచ్చదనం అలాగే ఉండి తుపానుకు మేతవుతుంది. నదుల నీళ్లు పరుచుకుని ఉండే అక్టోబరు, నవంబరుల్లోనే మనకు తుపాన్లూ ఎక్కువగా వస్తాయి.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో మా నాయనమ్మ ఊరి గుడి మీదికెక్కి బతికింది. ఆమె అన్నదమ్ములు ఇద్దరు దొరకలేదు. "గాలి కోసేస్తా ఉంది, నీళ్లు మాత్రం వెచ్చగా ఉన్నాయిరా" అని ఎన్నోసార్లు చెప్పింది. చిన్నప్పుడు అది నాకు అర్థం కాని మాట.

తిరిగొచ్చాక నాన్నకు ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర. ఇరవై మీటర్ల కింద సుడులు ఒక్కసారిగా చచ్చుబడుతున్నాయని గీత చూసి గర్వంగా చెప్పాను.

"ఏటి నీళ్లురా అయ్యి. వరద తర్వాత వల దింపితే పైన ఒక పక్కకి, కింద ఇంకో పక్కకి లాగుద్ది" అన్నాడు.

నలభై ఏళ్లు వేట చేసిన మనిషి. నేను ముందే అడిగి ఉండాల్సింది.

"మరి తుపాను వస్తే ముందే చెప్పగలుగుతారా మీరు?" అని అడిగాడు.

"ఎటు వస్తుందో ఇప్పుడు బాగానే చెబుతున్నారు నాన్నా. ఎంత గట్టిగా వస్తుందో చెప్పడమే కష్టం. కంప్యూటర్ మోడల్‌లో ఒక్కో గడి కొన్ని కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. ఈ చిన్న సుడులు అందులో కనబడవు. వాటి బదులు ఒక సూత్రం పెడతారు. ఆ సూత్రం మన సముద్రానికి సరిపోతుందో లేదో చూడటానికే ఈ కొలతలు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల కాకులు, పడవ ఇంజన్ చప్పుడు.

"అయితే నిద్రపోకుండా కొలవరా" అన్నాడు.