గుట్ట మీద బడి: జాగా నుంచి తాళంచెవి దాకా

గుట్టల మీది ఊళ్లకు బడి కట్టిస్తామని వచ్చేవాళ్లు మొదట ప్లాను గీయిస్తారు. గీత గీయకముందే ఆ జాగాకు పొద్దున ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి నడిచి చూడాలి. పిల్లలు ఎటు నుంచి రావాలి, మధ్యలో వాగుందా, ఎవరి చేను దాటాలి, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఇవన్నీ తొవ్వలోనే తెలుస్తాయి. నల్లమల అడవిలో అమ్రాబాద్ గుట్టల్లోని చెంచు పెంటలైనా (చెంచుల గూడేలను పెంటలంటారు), నల్లగొండ జిల్లా దేవరకొండ అవతల చందంపేట వైపు తండాలైనా లెక్క ఒకటే. రెండు గుంపులుంటే బడి ఎవరి గడపకు దగ్గరగా లేస్తే అది వాళ్ల బడి అయిపోతుంది. రెండో గుంపు పిల్లలు పది రోజులు వచ్చి మానేస్తారు. అలాగని టేపు పెట్టి సరిగ్గా నడిమధ్యన కట్టాల్సిన పనేమీ లేదు. రెండు వైపుల ఆడపిల్లలూ పెద్దల తోడు లేకుండా రాగలిగే చోటైతే చాలు. ఇద్దరూ నీళ్లు పట్టుకునే చేతిపంపు పక్కన జాగా దొరికితే ఇక వెతకొద్దు.

అడవి భూమైతే 2006 అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షన్ దారి చూపిస్తుంది. హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. చాలామంది చదవకుండా వదిలేసే ముక్క ఇంకోటి ఉంది: ఆ వెసులుబాటు ప్రభుత్వం నడిపే బడికే. దాతలు కట్టినా నడపాల్సింది సర్కారే. కాబట్టి విద్యాశాఖతోనో, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏతోనో కాగితం ముందే రాయించుకోవాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపలైతే అడవి బీట్ ఆఫీసరు నుంచి జిల్లా అటవీ అధికారి (డీఎఫ్ఓ) దాకా అందరికీ ముందే తెలియాలి. అనుమతి లేకుండా వాగు ఇసుక, గుట్ట రాయి ముట్టుకుంటే కేసు ఖాయం, పని అక్కడే ఆగుతుంది.

నల్లమలలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో శాంతి చర్చలకు మావోయిస్టు నాయకులు బయటికొచ్చింది ఈ అడవి నుంచే. పోట్లాట నడిచే ప్రాంతంలో పక్కా స్లాబు, పిట్టగోడ, చుట్టూ ఎత్తైన ప్రహరీ ఉన్న ఒకే ఒక్క కట్టడం బడి అయితే దాని మీద అందరి కన్నూ పడుతుంది. పోలీసు బలగాలు అందులో మకాం పెడితే అవతలివాళ్లకు అది బడిగా కనిపించదు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులు బడులు పేల్చింది ఈ సాకుతోనే. అక్కడి బడుల్లోంచి బలగాలను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 2011లో చెప్పాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు అంతా సద్దుమణిగినా చిన్న గది, రేకుల కప్పు, ముళ్ల కంచె చాలు. యూనిఫారమైనా, పార్టీ అయినా, రాత్రి ఎవరూ బడిలో పడుకోరాదని గ్రామసభ తీర్మానం రాసి పెట్టుకోవాలి.

ఇక గోడలు. బయటి కొలత 20 అడుగులకు 16, ఎత్తు 10 అడుగులు అనుకుందాం. 9 అంగుళాల ఇటుక గోడకు సుమారు 6,600 ఇటుకలు, అంటే 20 టన్నుల బరువు గుట్ట ఎక్కాలి. దానికి బదులు అక్కడి ఎర్రమట్టినే సిమెంటు కలిపి చేతి ప్రెస్సులో దిమ్మెలుగా ఒత్తితే 2,300 చాలు. నూటికి 7 పాళ్ల సిమెంటుతో ఒక బస్తాకు 80 దిమ్మెల దాకా వస్తాయి, మొత్తం 29 బస్తాలు. పై అడుగు మట్టిలో వేర్లు, ఆకులు ఉంటాయి కాబట్టి దాన్ని పక్కకు తోసి, పునాదిలో తవ్విన కింది మట్టి వాడాలి.

ఆ మట్టి పనికొస్తుందో లేదో ఒక గాజు సీసా చెబుతుంది. మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కుదిపి నిలబెట్టాలి. నిమిషంలోపే ఇసుక అడుగుకు చేరుతుంది, దాని మీద ఒండ్రు, మరునాటికి పైన సన్నని బంక పొర తేలిగ్గా కనిపిస్తుంది. ఇసుక మూడింట రెండు వంతులు ఉంటే మంచిది. బంక ఎక్కువైతే దిమ్మె ఎండేటప్పుడు నెర్రెలిస్తుంది, అప్పుడు ఇసుక కలపాలి. నల్లరేగడి అసలే వద్దు. ఒత్తిన దిమ్మెలను నీడలో పేర్చి 21 రోజులు తడపాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. వారం తడిపి, ఎండలో గట్టిపడ్డాయని గోడ లేపేస్తారు. రెండో వానకాలానికి మూలలు రాలిపోతాయి.

పని నవంబరులో మొదలుపెట్టి మే చివరకు కప్పు పడేలా చూసుకోవాలి. జూన్‌లో వాగు వస్తే ట్రాక్టరు రాదు. పాకిస్తాన్ చేతిలో ఉన్న బాల్టిస్తాన్ కొండల్లో కోర్ఫే అనే ఊళ్లో బడికి సామాను చేర్చాలంటే ముందు నది మీద వంతెన వేయాల్సి వచ్చింది. ఇక్కడ కనీసం ట్రాక్టరు దిగే వాలు అయినా సరిచేసుకోవాలి. సిమెంటును చెక్కల మీద, నేలకు అర అడుగు పైన పెట్టి మూడు నెలల్లోపు వాడేయాలి.

రేకులకు స్క్రూలు గట్టు మీద, అంటే రేకు ఉబ్బిన చోట పడాలి. గుంటలో కొడితే మొదటి వానకే కారుతుంది. వేసవి గాలిదుమారానికి అంచు రేకులే ముందు లేస్తాయి కనుక అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా ఉండాలి. వాన చప్పుడుకు టీచర్ గొంతు వినబడదు, ఎండకు గది మండిపోతుంది. రెండింటికీ మందు ఒకటే: రేకు కింద జానెడు ఖాళీ వదిలి వెదురు తడకలు. చెంచులు వెదురు అల్లడంలో దిట్టలు, ఆ పైసలు పెంటలోనే మిగులుతాయి. పెంకులు చూడడానికి బాగుంటాయి గానీ కోతులు ఏడాది ఉంచవు.

నల్లగొండ వైపు బోరు వేస్తే పిల్లలకు తాగించే ముందు ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు చేతులు కడగడానికే. అదే కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 300 లీటర్ల దాకా వస్తుంది, తొలి వాన నీటిని వదిలేసి మిగతాది ట్యాంకులో పట్టుకోవచ్చు.

కూలి దగ్గర జాగ్రత్తగా ఉండాలి, సగం గొడవలు అక్కడే పుడతాయి. రెండు గుంపుల వాళ్లనూ సమానంగా పెట్టుకోవాలి, ఆడమగకు ఒకే రేటు, ప్రతి అంగడి రోజు అందరి ముందు పేరు పిలిచి పైసలు. వంట మనిషిని ఒక గుంపు నుంచి తీసుకుంటే ఆయాను రెండో గుంపు నుంచి తీసుకోవాలి.

గది లేచాక టీచర్ సంగతి. చెంచు పిల్లల మాట తెలుగే. లంబాడీ పిల్లలకు ఒకటో తరగతిలో తెలుగు పరాయిది, వాళ్ల మాట వచ్చిన తండా అమ్మాయి ఒక్కతి తోడుంటే ఏడాది కలిసొస్తుంది. ఇప్పపువ్వు, తేనె కాలంలో కుటుంబాలు అడవిలోకి పోతే హాజరు పడిపోతుంది. ఆ రోజుల్లో పేర్లు కొట్టేయకుండా అవ్వ, తాతల దగ్గర పిల్లలు ఉండేలా పెద్దమనుషులతో ముందే మాట్లాడుకోవాలి.

తాళంచెవులు మూడు చేయించాలి. ఒకటి టీచర్‌కు, మిగతావి రెండు గుంపులకు ఒక్కోటి, అదీ ఆడవాళ్ల చేతికి. టీచర్ సెలవు పెట్టిన రోజు కూడా తలుపు తెరుచుకోవాలి, పిల్లలు కనీసం నీడన కూర్చుంటారు. గుట్ట మీద తేమకు తాళం తుప్పు పట్టి వానకాలంలో తిరగదు, మిరుగు దాటాక రెండు చుక్కల నూనె వేయాలి.