పైన్‌సిల్ మెనూ, చార్జర్ లెక్కలు, చిన్నాయన తోట కంట్రోలర్: ఇప్పటిదాకా

చంద్రగిరి దగ్గర చిన్నాయన మామిడి తోటకి డ్రిప్ వాల్వులు విడివిడిగా తెరిచి మూసే కంట్రోలర్ చేస్తున్నాను, అది రిలే బోర్డు (వాల్వులకి కరెంటు వేసి ఆపే స్విచ్చుల బోర్డు) దగ్గర ఆగింది. బోర్డులో గ్రౌండ్ పిన్నులన్నీ వెడల్పాటి రాగి పొర మీదికి వెళ్తాయి, ఆ రాగి వేడిని పెట్టింది పెట్టినట్టు లాగేసుకుంటుంది. పాత 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో లెడ్ (అతికించే సోల్డర్ తీగ) పైన ముద్దలా కూర్చుంటుందే తప్ప రంధ్రంలోకి దిగట్లేదు. అందుకే పైన్‌సిల్ వీ2 అనే, యూఎస్‌బీ-సీ చార్జర్‌తో నడిచే చిన్న స్మార్ట్ సోల్డరింగ్ ఐరన్ తెప్పించాను. సోల్డరింగ్ సంగతి తర్వాత, ముందు ఆ అగ్గిపుల్లంత స్క్రీన్ మీద పరిగెత్తే మాటలు అర్థం చేసుకోవడానికే పని పట్టింది. అవన్నీ ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా, పుత్తూరులో మా తమ్ముడు కూడా ఇదే ఐరన్ కొన్నాడు, రోజూ ఏదో ఒకటి అడుగుతున్నాడు.

వాడి మొదటి మెసేజ్: "అన్నా, 350 పెట్టినా లెడ్ కరగట్లేదు, పీస్ పోయిందా?" ముందు చార్జర్ ఫొటో పెట్టరా అన్నాను. అనుకున్నట్టే ఫోన్‌తో వచ్చిన చార్జర్, దాని మీద 9 వోల్టుల వరకే ఉంది.

లెక్క చాలా సులువు. బిట్ అంటే ఐరన్ కొన, దాని లోపల ఉండేది ఒక హీటర్ తీగ, దానికి స్థిరమైన రెసిస్టెన్స్ ఉంటుంది. టీఎస్100 (ఇలాంటిదే ఇంకో ఐరన్) రకం పొడుగు బిట్‌కి సుమారు 8 ఓమ్‌లు, పైన్‌సిల్ చేసే పైన్ వాళ్ల పొట్టి బిట్‌కి 6.2. వోల్టేజీని వోల్టేజీతోనే గుణించి రెసిస్టెన్స్‌తో భాగిస్తే వాట్లు వస్తాయి. 8 ఓమ్‌ల బిట్‌కి 9 వోల్టులిస్తే 10 వాట్లు, 12 ఇస్తే 18, 20 ఇస్తే 50. అదే 20 వోల్టులు పొట్టి బిట్‌కి ఇస్తే 64 దాటుతుంది. అంటే మా తమ్ముడు స్మార్ట్ ఐరన్ కొని 10 వాట్లతో వాడుతున్నాడు, నా పాత ఐరన్‌లో సగం కూడా కాదు. స్క్రీన్ మీద 350 అని కనిపిస్తుంది నిజమే, కానీ బిట్ రాగికి ఆనగానే వేడి దిగిపోతుంది, తిరిగి నింపడానికి పవర్ ఉండదు.

పీడీ అంటే పవర్ డెలివరీ, యూఎస్‌బీ-సీ వైరులోనే ఐరన్, చార్జర్ మాట్లాడుకుని ఎన్ని వోల్టులో తేల్చుకునే పద్ధతి. క్యూసీ అంటే క్విక్ చార్జ్, అది వేరే పద్ధతి. చార్జర్ కొనేటప్పుడు డబ్బా మీది పెద్ద అంకె చూసి మోసపోకండి. కొన్ని ఫోన్ చార్జర్లు ఆ వాట్లు తమ ఫోన్లకే ఇస్తాయి, ఐరన్ అడిగితే మామూలు పీడీలో చాలా తక్కువ ఇస్తాయి. చార్జర్ ఒంటి మీద చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ వరుస ఉంటుంది, అందులో 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే సరిపోతుంది. యూఎస్‌బీ-సీ లాప్‌టాప్ చార్జర్లలో చాలావాటికి ఇది ఉంటుంది, నాకు ఇంట్లోదే పనికొచ్చింది. మెనూలో పీడీ టైమవుట్ అని ఒకటుంది. చార్జర్‌తో పీడీ మాటలు కుదురుతాయేమోనని ఐరన్ ఎంతసేపు చూడాలో అది చెబుతుంది, క్యూసీ చార్జర్లు కొన్ని మొరాయిస్తేనే దాని జోలికి వెళ్లాలి.

ఫర్మ్‌వేర్, అంటే ఐరన్ లోపల నడిచే ప్రోగ్రాం, పేరు ఐరన్‌ఓఎస్. మొదట మినీవేర్ వాళ్ల టీఎస్100 కోసం పుట్టింది, తర్వాత టీఎస్80, పైన్‌సిల్‌లకి కూడా వచ్చింది. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్, కోడ్ అంతా బయటే ఉంటుంది. పైన్‌సిల్ మొదటి వెర్షన్‌లోనూ రెండో వెర్షన్‌లోనూ ఉన్నవి రిస్క్-5 రకం ప్రాసెసర్ చిప్‌లే, కానీ ఒకే చిప్ కాదు, అందువల్ల ఫైళ్లు కూడా వేరు. వీ2 వాళ్లు ఫైలు పేరులో వీ2 ఉందో లేదో చూసుకుని దించుకోవాలి. ఫైలు పేరు చివర భాష అక్షరాలుంటాయి, నేను ఇంగ్లీషుదే వేశాను.

ఎక్కించే పద్ధతి: మైనస్ బటన్ నొక్కిపట్టి వైరు కంప్యూటర్‌కి పెట్టాలి, ఇంకాసేపు అలాగే పట్టుకోవాలి. స్క్రీన్ నల్లగా ఉంటుంది, చచ్చిపోయిందని టెన్షన్ పడక్కర్లేదు, బూట్ మోడ్‌లో ఉందని అర్థం. వీ2కి బ్లిస్ప్ అనే చిన్న ప్రోగ్రాం వాడాలి, వీ1కి డీఎఫ్‌యూ టూల్. ఇలా ఫైలు ఎక్కించుకునే చిన్న ప్రోగ్రాం, బూట్‌లోడర్, చిప్‌లోనే శాశ్వతంగా ఉంటుంది, కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదట్నుంచి ఎక్కించుకోవచ్చు. మా వీధిలో కరెంటు సంగతి తెలిసిన వాడిగా ఈ ఒక్క విషయం నాకు ఎక్కువ నచ్చింది.

ఇక వేడి ఎలా తెలుస్తుందనేది. ఈ బిట్‌లలో హీటర్, థర్మోకపుల్ (వేడిని వోల్టేజీగా చెప్పే సెన్సర్) ఒకే దారిలో వరుసగా ఉంటాయి, వేరే వైరు ఉండదు. అందుకే ఐరన్ హీటర్‌ని క్షణంలో చిన్న భాగం ఆపి, థర్మోకపుల్ ఇచ్చే అతి చిన్న వోల్టేజీని చదివి, మళ్లీ హీటర్ వేస్తుంది. ఎంతసేపు వేయాలో లెక్కగట్టేది పీఐడీ అనే కంట్రోల్ పద్ధతి. థర్మోకపుల్ చెప్పేది రెండు చివరల మధ్య తేడా మాత్రమే, అందుకని చేతిపిడి లోపల ఇంకో సెన్సర్ ఉంటుంది, ఆ వేడిని దీనికి కలిపి అసలు అంకె చూపిస్తుంది. దాన్నే కోల్డ్ జంక్షన్ కాంపెన్సేషన్ అంటారు, మెనూలో సీజేసీ. కాలిబ్రేట్ సీజేసీ అనే ఆప్షన్‌ని ఊరికే నొక్కకండి. చల్లటి ఐరన్ చూపించే అంకెకీ గది వేడికీ అయిదు డిగ్రీలకి మించి తేడా ఎప్పుడూ కనిపిస్తుంటేనే అవసరం. చేస్తే ఐరన్ రాత్రంతా ఖాళీగా ఉన్నాక, పొద్దున్నే, వాడకముందు చేయాలి. తిరుపతి మే నెల మధ్యాహ్నం, కిటికీ పక్కన ఎండలో పడి ఉన్న ఐరన్‌కి చేస్తే పిడి ఒక వేడి, బిట్ ఇంకో వేడి, ఆ తప్పుడు తేడానే అది గుర్తుపెట్టుకుంటుంది.

డిఫాల్ట్ వేడి 320, నేను మార్చలేదు. 63/37 (63 పాళ్లు తగరం, 37 సీసం) లెడ్ 183 దగ్గరే కరుగుతుంది, 320 చాలు. కరగట్లేదని 400కి పెంచితే పేస్ట్ (ఫ్లక్స్) మాడి పొగ వస్తుంది, బోర్డు మీద రాగి ప్యాడ్ ఊడొస్తుంది. వేడి పెంచే ముందు బిట్ మార్చండి: సూది మొనది తీసి 2.4 మిల్లీమీటర్ల ఉలి ఆకారం బిట్ పెట్టగానే గ్రౌండ్ పిన్నులు దారికొచ్చాయి. మరీ మొండి పిన్ను దగ్గర ప్లస్ బటన్ నొక్కిపట్టాను, అది బూస్ట్, నొక్కినంతసేపు 420కి వెళ్తుంది, వదిలితే వెనక్కి వస్తుంది.

స్లీప్, షట్‌డౌన్ వేరువేరు. స్లీప్‌లో 150కి దిగి కాచుకుని ఉంటుంది, చేతిలోకి తీసుకోగానే కదలిక సెన్సర్ పసిగట్టి మళ్లీ వేడెక్కిస్తుంది. ఇంకా కదలకపోతే పూర్తిగా ఆపేయడం షట్‌డౌన్. మోషన్ సెన్సిటివిటీలో అంకె పెరిగితే సున్నితం పెరుగుతుంది. నా బల్ల కుట్టుమిషన్ బల్ల పక్కనే ఉంది, ఎక్కువ పెడితే మా ఆవిడ కుట్టినంతసేపూ ఐరన్ నిద్రపోదు, అందుకే తగ్గించాను. యూజర్ ఇంటర్‌ఫేస్‌లో డీటెయిల్డ్ స్క్రీన్ మాత్రం అందరూ ఆన్ చేసుకోండి, వస్తున్న వోల్టేజీ, తాగుతున్న వాట్లు కళ్ల ముందే కనిపిస్తాయి, చార్జర్ అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

తోటలో పనికి పవర్ బ్యాంక్ వాడి చూశాను. ఐరన్ స్లీప్‌లోకి పోగానే పవర్ బ్యాంక్ ఏమీ లేదనుకుని ఆగిపోతోంది. దీనికి పవర్ పల్స్ అనే సెట్టింగ్ ఉంది, మధ్యమధ్యలో కాస్త కరెంటు లాగి దాన్ని మేలుకొలిపి ఉంచుతుంది. లిథియం సెల్స్ ప్యాక్‌తో నడిపేవాళ్లు పవర్ సోర్స్‌లో 3ఎస్, 4ఎస్ అని ఎన్ని సెల్సో సరిగ్గా పెట్టాలి, లేకపోతే సెల్స్ అడుగంటిపోయే దాకా లాగేస్తుంది.

రెండు పిన్నుల చార్జర్‌తో వాడుతుంటే బిట్ తాకిన బోర్డు మీద చెయ్యి ఆనినప్పుడు సన్నగా జిల్లుమంటుంది, లీకేజీ అది. మనిషికి ప్రమాదం కాదు గానీ సెన్సర్ చిప్‌లకి మంచిది కాదు, అవి అంటించేటప్పుడు ఎర్త్ ఉన్న మూడు పిన్నుల అడాప్టర్‌కి మారుతున్నాను.

రిలే బోర్డు అయిపోయింది, వాల్వులు టిక్కుమంటున్నాయి. ఇక మిగిలింది డబ్బా. వైర్లు వచ్చే రంధ్రాల్లోంచి చీమలు దూరకుండా ఏం పెట్టాలో చూస్తున్నాను, చిన్నాయన పాత స్టార్టర్ పెట్టెని అవే తినేశాయి.