పప్పు, కప్పు, తప్పు

శనివారం, రాత్రి పదిన్నర.

ఇవాళ బాపును కరీంనగర్ తీసుకెళ్లి చెవి పరీక్ష చేయించాను. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. మర్చిపోకముందే రాసిపెట్టుకుంటున్నాను.

నిజానికి ఇది మూడేళ్ల కిందటే చేయాల్సిన పని. బుధవారం రాత్రి జరిగినదాంతో కదిలాను. అన్నాలు తింటున్నాం. అమ్మ వంటింట్లోంచి "ఆ కప్పు ఇటియ్యి" అంది. బాపు లేచి పప్పు గిన్నె తీసుకెళ్లి ఇచ్చాడు. "ఎన్నిసార్లు చెప్పాలె, చెప్పిన మాట ఇనవు" అని అమ్మ విసుక్కుంది. నేనూ గొంతు పెంచి "కప్పు బాపూ, కప్పు!" అని అరిచాను. బాపు చెవి మీద చేయి పెట్టుకుని మొహం అటు తిప్పాడు. "ఎందుకట్ల మొత్తుకుంటున్నవ్ బిడ్డా, నేనేమన్న చెవిటోన్నా" అని చేయి కడుక్కుని లేచిపోయాడు. కంచంలో అన్నం సగం అట్లాగే ఉంది.

మన దగ్గర వినడం అనే మాటకు రెండు అర్థాలు. చెవిన పడటం ఒకటి, చెప్పినట్టు చేయడం ఇంకొకటి. "మాట వినడు" అంటే మొండివాడని. కొన్నేళ్లుగా ఇంట్లో బాపు గురించి ఈ రెండో అర్థంలోనే అనుకుంటున్నాం. పిలిస్తే పలకడు, అడిగితే ఇంకేదో చెప్తాడు, పెళ్లికి రమ్మంటే రాడు. పోయిన వేసవిలో మా చిన్నమ్మ కూతురి పెళ్లిలో ఎవరో ఏదో అడిగితే బాపు పొంతన లేని జవాబు చెప్పాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ తర్వాత ఏ పెళ్లికీ రాలేదు. ఆ రెండు విషయాలను కలిపి చూడాలని నాకు తోచలేదు. నేను సైన్స్ టీచర్‌ని. ఏటా చెవి బొమ్మ బోర్డు మీద గీస్తాను. చెవిలోని మూడు చిన్న ఎముకల పేర్లు కూటకం, దాగలి, అంకవన్నె అని పిల్లలతో వల్లె వేయిస్తాను.

బాపు 38 ఏళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేశాడు. పదిహేడేళ్లప్పుడు మహారాష్ట్రలోని భీవండి పోయాడు, తొమ్మిదేళ్ల తర్వాత సిరిసిల్లకు తిరిగొచ్చి, ఆరేళ్ల కిందటి దాకా ఇక్కడే. రోజుకు పన్నెండు గంటలు. చిన్నప్పుడు నేను టిఫిన్ డబ్బా పట్టుకుని షెడ్డుకు పోయేదాన్ని. తలుపు దగ్గరికి రాగానే చప్పుడు చెవిలో కాదు, ఛాతీలో తగిలేది. దారాన్ని మోసే నాడె ఇటు నుంచి అటు పోయినప్పుడల్లా దాన్ని తన్నే పికర్ దెబ్బ, నిమిషానికి వందకు పైనే, అట్లా వరుసగా ఇరవై సాంచెలు. లోపల ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. బాపు నన్ను చూసి రెండు వేళ్లు నోటి దగ్గర పెట్టి, తర్వాత చేతిని గుండ్రంగా తిప్పేవాడు. చేతిలో పని అయిపోయాక తింటానని. నాకది ఆటలా ఉండేది.

తొమ్మిదింటికల్లా కరీంనగర్ చేరాం. ఆడియాలజిస్టు చిన్నమ్మాయి, పాతికేళ్లుంటాయేమో. ముందు లైటు పెట్టి రెండు చెవుల్లోకీ చూసింది. కొంచెం గులిమి ఉంటే తీసింది. కర్ణభేరి బాగానే ఉందంది. తర్వాత బాపును గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టి చేతికి బటన్ ఇచ్చింది. "పెద్దనాయినా, ఎంత సన్నగ ఇనవడ్డా సరే, ఇనవడంగనే నొక్కాలె" అని చెప్పింది.

నేను కిటికీ ఇవతల కూర్చున్నాను. ఆమె ముందున్న మిషన్ మీద హెర్ట్జ్ అంకెలు కనబడుతున్నాయి, అంకె పెద్దదైన కొద్దీ ధ్వని అంత కీచు. 1000 అని ఉంటే బాపు వేలు కదులుతోంది. 500, 250 దగ్గర ఇంకా త్వరగా కదిలింది. 2000కు వచ్చేసరికి ఆలస్యం. 4000 దగ్గర ఆమె చప్పుడు పెంచుతూ పోయింది. 40, 50, 60 డెసిబెల్స్. బాపు బొటనవేలు బటన్ మీదే ఉంది, దారం తెగితే ముడి వేయడానికి సిద్ధంగా ఉన్నట్టు. కళ్లు మూసుకుని వంగి కూర్చున్నాడు. 70 దగ్గర నొక్కాడు. అంతసేపూ హెడ్‌ఫోన్‌లో శబ్దం మోగుతూనే ఉంది. బాపుకు మాత్రం లేదు.

కాగితం మీద గీత చూపించింది. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తక్కువ. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. గీత మామూలుగా మొదలై, 1000 దాటాక దిగి, 4000 దగ్గర బావిలో పడినట్టు పడి, 8000 దగ్గర మళ్లీ కొంచెం పైకి లేచింది. "మిల్లులో పని చేశారా" అని ఆమే అడిగింది. నేనింకా ఏమీ చెప్పలేదు. వయసు వల్ల వచ్చే చెవుడైతే గీత చివరిదాకా దిగుతూనే పోతుందట. మధ్యలో గుంత పడి మళ్లీ లేచిందంటే చప్పుడు చేసిన పని. బాపు బతుకంతా ఆ గుంతలో కనబడింది నాకు.

చెవి వెనక ఎముక మీద ఇంకో పరికరం పెట్టి మళ్లీ చూసింది. ఎముక ద్వారా పంపినా గీత అదే. అంటే దారి మూసుకోలేదు, లోపల నత్త గుల్ల లాంటి కాక్లియాలోనే దెబ్బ. అది విప్పి చాపితే 35 మిల్లీమీటర్లు, నా చిటికెన వేలంత కూడా ఉండదు. అందులో ఒక్కో చెవికి శబ్దాన్ని మెదడుకు చేర్చే రోమ కణాలు సుమారు 3,500, సన్నని శబ్దాన్ని పెంచి ఇచ్చే రోమ కణాలు ఇంకో 12,000. మనకు పుట్టుకతో వచ్చినవే, పోతే మళ్లీ మొలవవు. కోళ్లలో, పక్షుల్లో మొలుస్తాయని 1980లలో కనుగొన్నారు. ఈ సంగతి చెబితే బాపు చాలాసేపు నా మొహం చూసి "కోడికి మొలుస్తయా?" అన్నాడు.

తర్వాత మాటల పరీక్ష. ఆమె నోటికి అడ్డంగా కాగితం పెట్టుకుని ఒక్కో మాట చెప్పింది, బాపు తిరిగి చెప్పాలి. "తాత" అంటే "పాప" అన్నాడు. "కోక" అంటే కాసేపాగి "తోక" అన్నాడు. అచ్చు ఒక్కటీ తప్పలేదు. నేను వెంటనే పట్టుకున్నది అదే. ఆ, ఓ, ఉ అన్నీ సరిగ్గా ఉన్నాయి. పోయినవన్నీ హల్లులే. అచ్చుల బలం చాలా మటుకు కింది ధ్వనుల్లో ఉంటుంది. బాపు గీత అక్కడ బాగుంది. క, త, ప లాంటివి కన్ను మూసి తెరిచేలోపు వచ్చిపోయే చిన్న పగుళ్లు, స, శ అయితే ఉత్త గాలి. వాటిని ఒకదాన్నుంచి ఒకటి వేరు చేసే గుర్తులు ఎక్కువగా 2000 పైన ఉంటాయి, సరిగ్గా ఆ గుంతలో. పప్పు, కప్పు, తప్పు మూడూ బాపుకు ఒకటే మాట.

తెలుగు అజంత భాష, దాదాపు ప్రతి మాటకీ చివర అచ్చు ఉంటుంది. అందుకే బాపుకు మా మాటల రాగమంతా అందుతోంది, ఎవరు మాట్లాడుతున్నారో, కోపంగా ఉన్నారో లేదో అన్నీ తెలుస్తాయి. మాట ఒక్కటే తెలియదు. ఆ అమ్మాయి "ఇనవడ్తలేదా" అని అడిగితే బాపు అన్నాడు: "ఇనవడ్తది బిడ్డా. ఏం మాటో తెలుస్తలేదు." ఈ ముక్క ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో. సాకు అనుకున్నాం.

అరిస్తే ఎందుకు చిరాకు పడతాడో కూడా ఇవాళే తెలిసింది. సన్నని శబ్దాన్ని పెంచే కణాలు పోయినప్పుడు మెల్లని మాట అసలు అందదు. పెద్ద శబ్దం మాత్రం మనకెంత పెద్దగా ఉంటుందో బాపుకూ అంతే. ఏమీ లేకపోవడానికీ భరించలేకపోవడానికీ మధ్య జాగా ఇరుకైపోతుంది. నేను గొంతు పెంచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చే. బాపుకు అప్పటికే వినబడుతున్న భాగం ఇంకా గట్టిగా తగులుతుంది, కావలసిన 'క' మాత్రం రాదు. బుధవారం నేను చేసింది అదే.

వినికిడి మిషన్ పెట్టి చూపించారు. చెవి వెనక పెట్టే రకం. అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచదు, గుంత ఉన్నచోట ఎక్కువ, పెద్ద శబ్దం వస్తే తక్కువ. పెట్టగానే బాపు ఉలిక్కిపడి నా ఒళ్లోని ప్లాస్టిక్ కవర్ వైపు చూశాడు. దాని గరగర చాలా ఏళ్లుగా ఆయన చెవిలో లేదు. మొదట్లో ఇట్లాంటి చప్పుళ్లే మాటల కన్నా ముందు మీద పడతాయని, మెదడు మళ్లీ అలవాటు పడటానికి వారాలు పడుతుందని, రోజుకు రెండు మూడు గంటలతో మొదలుపెట్టాలని చెప్పింది. చాలామంది వారం పెట్టుకుని బీరువాలో పడేస్తారట. ధర వినగానే బాపు లేచి నిలబడ్డాడు. "ఈ వయసుల గింత పైసలు చెవులకెందుకు." ఆమె బాపును ఏమీ అనకుండా నాకు ఒక కాగితం రాసిచ్చింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, వినికిడి సమస్యలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలీ యావర్ జంగ్ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద, అర్హత ఉంటే, ఆదాయాన్ని బట్టి ఉచితంగా గానీ సగం ధరకు గానీ ఇస్తారు. ఆదాయ ధ్రువపత్రం కోసం సోమవారమే మీ సేవకు పోవాలి.

తిరుగు బస్సులో బాపు కిటికీ పక్కన నిద్రపోయాడు. అన్ని ధ్వనులూ ఉండగా 4000 దగ్గరే ఎందుకు పోయిందని నా బుర్ర ఆగలేదు. టికెట్ వెనక లెక్క వేశాను. చెవి గొట్టం రెండున్నర సెంటీమీటర్లు, ఒక చివర కర్ణభేరితో మూసి ఉంటుంది. అట్లాంటి గొట్టం దాని పొడవుకు నాలుగింతల అలకు మోగుతుంది. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లను 0.1తో భాగిస్తే 3400. బయట ఏ చప్పుడున్నా మన చెవి గొట్టమే 3000 చుట్టుపక్కల దాన్ని పెంచి లోపలికి పంపుతుంది. పెద్ద చప్పుడు చేసే దెబ్బ దానికి కొంచెం పై ధ్వని దగ్గర పడుతుంది. అదే 4000. పిల్లల మాటలు, ఆకుల చప్పుడు బాగా వినడానికి పనికొచ్చే ఆ గొట్టమే సాంచెల ముందు బాపుకు ఎదురు తిరిగింది. బస్సులో ఏడుపొచ్చింది, ఎవరూ చూడలేదు.

సాయంత్రం ఆగలేక మా వీధి చివరి షెడ్డుకు పోయాను. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే 97 దగ్గర ఊగింది. ఫోన్ కొలత అటూ ఇటూ ఉండొచ్చు, కానీ ఒకటి రెండు డెసిబెల్స్ తేడా వచ్చినా సంగతి మారదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలకు మించొద్దంటుంది. మూడు డెసిబెల్స్ పెరిగితే శక్తి రెండింతలవుతుంది కాబట్టి సమయం సగం. 88 అయితే నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి. 97కి అరగంట. మా బాపు పన్నెండు గంటలు నిలబడ్డాడు.

అక్కడ పక్కింటి పిల్లవాడు పని చేస్తున్నాడు, పందొమ్మిదేళ్లు. చెవుల్లో నూలు వేస్టు కుక్కుకున్నాడు, బాపు లాగే. దాని వల్ల తగ్గేది చాలా తక్కువ. మందుల షాపులో కొన్న స్పాంజి ఇయర్ ప్లగ్‌లు రెండు జతలు ఇచ్చాను. బయటికొచ్చి అన్నాడు, "అక్కా, ఎనిమిది సాంచెలు. అన్నిటి మీద కన్ను ఎట్లుంటది? కండె అయిపోయినా, దారం తెగినా చప్పుడు మారుతది. చెవులు మూసుకుంటె గుడ్డ ఖరాబైతది, ఆసామి పైసలు కోస్తడు." నా దగ్గర దీనికి జవాబు ఉంది. ప్లగ్ పెట్టుకుంటే మొత్తం చప్పుడుతో పాటు ఆ మార్పు కూడా తగ్గుతుంది, కానీ రెంటి మధ్య తేడా అట్లాగే ఉంటుంది, అలవాటైతే తెలుస్తుంది. చెప్పాను. తలూపాడు. నమ్మినట్టు అనిపించలేదు. రేపు ఆదివారం, బాపును వెంటబెట్టుకుని వాళ్లింటికి పోతాను. ఈ కాగితం మీది గీత చూపించి బాపు చెబితే వేరు.

రాత్రి అన్నాల దగ్గర టీవీ ఆపేశాను. బాపును ట్యూబ్‌లైట్ వెలుగు మా మొహాల మీద పడే వైపు కూర్చోబెట్టాను. ఎదురుగా నేను. ఆ అమ్మాయి కాగితం తీసేసి చెప్పినప్పుడు బాపు 'తాత', 'పాప' రెండూ సరిగ్గా చెప్పాడు. 'ప' అంటే పెదాలు కలుస్తాయి, 'త', 'క' అంటే కలవవు. మాట వినడంలో కళ్లకూ పాలుంటుందని 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు చూపించారు. పెదాలు ఒకటి పలుకుతుంటే చెవికి ఇంకొకటి వినిపిస్తే మెదడు ఒక్కోసారి మూడో అక్షరం వింటుంది. కరోనాలో అందరం మాస్కులు పెట్టుకున్నప్పటి నుంచే బాపు మాట్లాడటం తగ్గించాడని ఇప్పుడు గుర్తొస్తోంది.

అమ్మ వంటింట్లోంచే ఏదో అంది. బాపు నా వైపు చూశాడు. ఏమందో నేను చెప్పలేదు. "అమ్మా, ఇటొచ్చి చెప్పు" అన్నాను. అమ్మ చేయి కొంగుకు తుడుచుకుంటూ గడప దాకా వచ్చి, బాపు తల ఎత్తేదాకా ఆగి, మామూలు గొంతుతో "పప్పు ఇంకింత వెయ్యాల్నా?" అంది.

"కొంచెం," అన్నాడు బాపు, కంచం ముందుకు జరిపి.